బొమ్మ చెప్పేది కూడా మాటే: పరిశోధనను మూడు నిమిషాల చిత్రంగా తీయాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మొక్కల వేళ్లు తేమ ఉన్న వైపు ఎలా వంగుతాయో మీ ల్యాబ్ పరిశోధిస్తోంది. పేపరు ఇంకా అచ్చు కాలేదు. దాని మీద అందరికీ అర్థమయ్యేలా 3 నిమిషాల చిత్రం తీయాలి. చేతిలో ఒక ఫోను, పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉన్నాయి. పేపర్లోని 5 ఫలితాలూ చిత్రంలో రావాలని మీ గైడ్ పట్టుబడుతున్నారు. కెమెరా మార్చాలా, స్క్రిప్టు ఎలా రాయాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి?

కెమెరా మార్చక్కర్లేదు, ఒక్క చోట తప్ప. దాని గురించి కింద చెబుతాను. ఇలాంటి చిత్రాలు కెమెరా వల్ల చెడిపోవడం తక్కువ. మాటను సరిచూసినంత శ్రద్ధగా బొమ్మను సరిచూడకపోవడం వల్ల చెడిపోవడమే ఎక్కువ. పేపర్లో ప్రతి వాక్యాన్నీ పదిసార్లు దిద్దే మనిషే చిత్రం దగ్గరికొచ్చేసరికి "చూడ్డానికి బావుంది" అని ఒక షాట్ పెట్టేస్తాడు. పేపర్లో ఎక్కడా అనని మాటను ఆ షాట్ అనేస్తుంది, చూసినవాళ్లకు గుర్తుండిపోయేది అదే. అందుకే కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం బొమ్మను సరిచూడటం గురించే.

అయితే అన్నిటికంటే ముందు అనుమతులు. ఇవి చివర్లో చూసుకుందాం అనుకుంటే పూర్తయిన చిత్రాన్ని నెలల తరబడి దాచుకోవాల్సి వస్తుంది. పేపరు పంపిన జర్నల్ ఎంబార్గో నిబంధన, అంటే ఫలితాలను ఫలానా రోజు దాకా బయటపెట్టకూడదన్న షరతు, చదవండి. ప్రీప్రింట్‌కు (అచ్చుకు ముందే పేపరును నెట్‌లో పెట్టడానికి), సదస్సులో ప్రసంగానికి ఒప్పుకునే జర్నల్ కూడా ముందస్తు ప్రచారానికి అభ్యంతరం చెప్పవచ్చు. పేటెంటు ఆలోచన కాస్తయినా ఉంటే ఇంకా జాగ్రత్త: యూరప్‌లో దరఖాస్తు వేయకముందే బయటపెట్టిన విషయానికి కొత్తదనం పోయినట్టే లెక్క. అమెరికాలో ఆవిష్కర్త తానే బయటపెడితే ఏడాది గడువు ఉంటుంది. నెట్‌లో పెట్టిన వీడియో, అది 10 సెకన్ల టీజర్ అయినా, బయటపెట్టడం కిందికే వస్తుంది. షూటింగ్‌కు ముందే మీ విశ్వవిద్యాలయంలో పేటెంట్లు చూసే కార్యాలయానికి ఒక ఈమెయిల్ పంపి, జవాబు దాచుకోండి.

కాపీరైటు విషయంలో చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. పేపర్లోని బొమ్మల హక్కులు ప్రచురణకర్తకు రాసిచ్చి ఉంటే, మీరు గీసిన గ్రాఫును మీరే వాడుకోవడానికి కూడా అనుమతి కావాల్సి రావచ్చు. అసలు డేటా నుంచి చిత్రం కోసం కొత్తగా గీయడమే మేలు. ఎలాగూ పేపరు గ్రాఫులోని అక్షరాలు ఫోను తెర మీద కనిపించవు. క్రియేటివ్ కామన్స్ క్లిప్పులు తీసుకుంటే లైసెన్సు పూర్తిగా చూడండి: "నో డెరివేటివ్స్" అని ఉంటే కత్తిరించి మీ చిత్రంలో కలపకూడదు.

ఇక 5 ఫలితాల సంగతి. మూడు నిమిషాల్లో ఒక ప్రశ్నకే చోటుంటుంది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన "త్రీ మినిట్ థీసిస్" పోటీలో ఏళ్ల పరిశోధనను 3 నిమిషాల్లో, కదలని ఒకే ఒక్క స్లైడుతో చెప్పాలి. మీ గైడ్‌తో కూర్చుని ఆ పద్ధతిలో ఒకసారి చెప్పించండి, ఫోనులో రికార్డు చేయండి. 5 ఫలితాలూ పట్టవని ఆయనకే తెలుస్తుంది. అప్పుడు ఈ ప్రశ్న అడగండి: "ఈ అయిదింటిలో ఏది లేకపోతే మిగతా నాలుగూ నిలబడవు?" ఆయన ఏది చెబితే అదే మీ చిత్రం. మిగతా వాటిని తలా 40 సెకన్ల విడి క్లిప్పులుగా తీసి ఇదే చిత్రం కింద లింకులు ఇవ్వవచ్చు. ఫలితాలు పక్కన పెట్టడం లేదని తెలిస్తే గైడ్లు సాధారణంగా ఒప్పుకుంటారు.

స్క్రిప్టును రెండు నిలువు వరసల్లో రాయండి: ఎడమ వైపు కనిపించేది, కుడి వైపు వినిపించేది. తొందర లేకుండా చదివితే తెలుగు నిమిషానికి సుమారు 100 పదాలు నడుస్తుంది. అంటే 3 నిమిషాలకు 300 పదాలు పడతాయి గానీ 220 దాటనివ్వకండి. వేరు వంగడం కనిపిస్తున్నప్పుడు మాట ఆగాలి, లేకపోతే కన్నూ చెవీ పోటీపడి రెండూ ఓడిపోతాయి. రాశాక గడియారం పెట్టుకుని పైకి చదవండి. మనసులో చదువుకుంటే ఎప్పుడూ తక్కువ సమయమే వస్తుంది.

క్రమం ఇలా ఉంటే బాగుంటుంది. మొదటి 12 సెకన్లు వివరణ లేకుండా వేరు వంగడం మాత్రమే. విశ్వవిద్యాలయం లోగో, భవనం డ్రోన్ షాట్, విభాగాధిపతి పలకరింపు ఇక్కడ వద్దు. చూసేవాళ్లు జారిపోయేది అక్కడే. లోగో చివర్లో 3 సెకన్లు చాలు. తర్వాత 20 సెకన్లలో ప్రశ్న: వేరుకు కళ్లు లేవు, మరి నీళ్లు ఏ వైపు ఉన్నాయో దానికెలా తెలుస్తుంది? ఆ తర్వాత దాదాపు నిమిషంన్నర ప్రయోగానికే ఇవ్వండి. మిగిలిన సమయంలో ఫలితం, దాని హద్దు, ఇంకా తేలనిది. ఎక్కువమంది ప్రయోగాన్ని 10 సెకన్లలో దాటేసి ఫలితాన్ని సాగదీస్తారు. నిజానికి మామూలు ప్రేక్షకుడికి కొత్తగా అనిపించేది "వాళ్లకు ఎలా తెలిసింది" అన్నదే. ఫలితం ఒక వాక్యమే కాబట్టి పత్రికలో కూడా దొరుకుతుంది, ప్రయోగం మాత్రం కళ్లారా చూస్తేనే తెలుస్తుంది.

మీ ప్రయోగంలో ఒక సగం మామూలు అగర్ (మొలకలు పెంచే జెల్లీ), రెండో సగం సార్బిటాల్ (వేరుకు నీరు అందడం తగ్గించే చక్కెర లాంటి పదార్థం) కలిపిన అగర్ ఉన్న ప్లేటు వాడుతుంటే, ఆలోచించే ప్రేక్షకుడికి ఒక సందేహం తప్పకుండా వస్తుంది: వేరు నీటి వైపు మళ్లిందా, లేక సార్బిటాల్‌ను తప్పించుకుందా? ఆ ప్రశ్నను మీరే పైకి అడగండి. దాన్ని తేల్చడానికి ల్యాబులో చేసిన అదనపు పరీక్షకు 15 సెకన్లు కేటాయించండి. అలాగే రెండు వైపులా ఒకేలాంటి అగర్ ఉన్న కంట్రోల్ ప్లేటును పక్కపక్కనే, అదే సైజులో, అదే వేగంతో చూపండి. కంట్రోల్ లేకుండా వంగిన వేరును మాత్రమే చూపితే అది అందమైన దృశ్యమే గానీ రుజువు కాదు.

ఇప్పుడు టైమ్‌ల్యాప్స్, అంటే విరామాలతో తీసిన ఫొటోలను వరసగా వేగంగా నడిపించడం. ముందు లెక్క: 24 గంటల పెరుగుదలను 5 నిమిషాలకో ఫ్రేము చొప్పున తీస్తే 288 ఫ్రేములు వస్తాయి. సెకనుకు 25 ఫ్రేములతో నడిపితే 11 సెకన్లకు కాస్త పైన. అసలు వేగానికి అది 7,500 రెట్లు. ఆ సంఖ్య గానీ, "24 గంటలు 11 సెకన్లలో" అన్న మాట గానీ తెర మీద ఉండాలి. లేకపోతే వేరు పాములా కదులుతుందని పిల్లలు నిజంగానే అనుకుంటారు.

కెమెరా విషయంలో చెప్పిన ఆ ఒక్క చోటు ఇదే. వేళ్లు వెలుతురుకు, ముఖ్యంగా నీలి కాంతికి, దూరంగా వంగుతాయి. బాగా కనిపించాలని ఒక పక్క నుంచి తెల్ల ఎల్ఈడీ లైటు పెట్టారంటే వేరు వంగింది తేమ కోసమా, మీ లైటుకు భయపడా అన్నది చెప్పలేం. చిత్రం కోసం ప్రయోగాన్నే మార్చేసినట్టవుతుంది. దీనికి దారి ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు, 850 లేదా 940 నానోమీటర్లవి. మామూలు డీఎస్ఎల్ఆర్‌లో, ఫోనులో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టరు ఉంటుంది కాబట్టి అవి పనికిరావు. ఆ ఫిల్టరు లేని కెమెరా, ఉదాహరణకు రాస్‌ప్‌బెర్రీ పై నోఐఆర్ లాంటిది, కావాలి. ఫోకస్‌ను ఇన్‌ఫ్రారెడ్ వెలుగులోనే సరిచేయండి. మామూలు వెలుగులో సరిచేస్తే రాత్రికి రాత్రి తీసినదంతా మసకగా వస్తుంది, ఎందుకంటే లెన్సు ఆ కిరణాలను వేరే దూరంలో కేంద్రీకరిస్తుంది. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది. దానికి ఎడిటింగ్‌లో ఆకుపచ్చ పూయకండి. కొలతల కోసం మీ ల్యాబులో ఇప్పటికే ఇలాంటి ఏర్పాటు ఉంటే కొత్తగా తీయడం మానేసి ఆ అసలు ఫ్రేములే వాడుకోండి, అంతకన్నా నమ్మకమైనవి ఉండవు.

టైమ్‌ల్యాప్స్ పాడయ్యే కారణాలు దాదాపు ప్రతిసారీ అవే. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్‌లలో ఏ ఒక్కటి ఆటోలో ఉన్నా వీడియో మిణుకు మిణుకుమంటుంది. బ్యాటరీ తెల్లవారుజామున అయిపోతుంది, మెయిన్స్ అడాప్టరు వాడాలి. మూత లోపల తేమ పట్టి గంట గంటకూ మసక పెరుగుతుంది. అదే బల్ల మీద షేకరో సెంట్రిఫ్యూజో ఉంటే ఫ్రేము వణుకుతుంది. వేరు కొస ఫ్రేములోంచి బయటికి వెళ్లిపోతుంది, అందుకే మొదట్లో అది పైభాగంలో ఉండేలా, పెరిగే వైపు మూడింట రెండొంతుల ఖాళీ ఉండేలా పెట్టండి. ఒక రాత్రి పూర్తి నిడివి పరీక్ష తీయకుండా అసలు మొక్కలు పెట్టొద్దు. మూడు ప్రయత్నాల్లో ఒకటి బాగా రావడం మామూలే. దీనికి ప్రణాళికలో కనీసం 10 రోజులు రాసుకోండి.

ఫ్రేములు చేతికొచ్చాక అసలు ప్రమాదం ఎడిటింగ్ బల్ల దగ్గర మొదలవుతుంది. ఫ్రేమింగ్ కుదరలేదని క్లిప్పును 90 డిగ్రీలు తిప్పారనుకోండి, గురుత్వం దిశ మారిపోతుంది. వేరు మామూలుగానే కిందికి పెరుగుతుంది కదా, తిప్పిన బొమ్మలో అది పక్కకు మళ్లినట్టు కనిపిస్తుంది. మీరు నిరూపించిన దాన్ని మీ బొమ్మే అబద్ధం చేసినట్టు. కాబట్టి ప్రతి ప్లేటు షాట్‌లో "కిందికి" అన్న బాణం ఒకటి ఉంచండి, తిప్పడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మైక్రోస్కోపు బొమ్మకు "400 రెట్లు" అని రాయడం అర్థం లేని పని. అదే బొమ్మ ఫోనులో ఒక సైజు, గోడ మీద తెరపై ఇంకో సైజు. స్కేల్ బార్, అంటే అసలు పొడవు ఎంతో చూపే గీత, పెట్టండి. జూమ్ చేసిన ప్రతిచోటా బొమ్మతోపాటు బార్ కూడా సాగుతోందో లేదో చూడండి. బార్‌ను విడి లేయరులో అతికించి, కింద బొమ్మను మాత్రమే పెంచడం చాలా తరచుగా జరిగే పొరపాటు. ఫ్లోరెసెన్స్ బొమ్మల్లో (కణాల్లోని భాగాలు రంగుల్లో వెలిగేలా తీసినవి) ఎరుపు, ఆకుపచ్చ జంటను మెజెంటా, ఆకుపచ్చగా మార్చండి, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు ప్రేక్షకుల్లో ఎప్పుడూ ఉంటారు. హీట్‌మ్యాప్‌కు (విలువల హెచ్చుతగ్గులను రంగుల్లో చూపే బొమ్మకు) ఇంద్రధనుస్సు రంగులు వాడితే డేటాలో లేని గీతలు కంటికి కనిపిస్తాయి. విరిడిస్ లాంటి, వెలుతురు క్రమంగా పెరిగే రంగుల వరస తీసుకోండి. రంగులు కంప్యూటరులో వేసినవైతే ఆ మాట తెర మీద చిన్నగా రాయండి.

అన్నిటికంటే అందంగా వంగిన వేరును ఎంచుకోవాలనిపిస్తుంది. అలా కాకుండా, కొలిచిన కోణాల్లో మధ్యస్థంగా ఉన్నదాన్ని చూపండి, పక్కన మొత్తం లెక్క ఇవ్వండి: ఇన్ని మొలకల్లో ఇన్ని వంగాయి అని. శాతం కంటే ఇదే బాగా ఎక్కుతుంది. "40 మొలకల్లో 31" అన్న లెక్కను 40 చిన్న మొలకల బొమ్మలు వేసి 31కి రంగు మార్చి చూపితే వివరణే అక్కర్లేదు.

స్టాక్ క్లిప్పులు, కంప్యూటరు సృష్టించిన బొమ్మల విషయంలో నా అభిప్రాయం గట్టిది. మీరు పనిచేసింది అరాబిడాప్సిస్ (ల్యాబుల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క) మీద అయితే చిక్కుడు వేరు క్లిప్పు పెట్టకూడదు. కృత్రిమ మేధతో చేసిన, నిజంలా కనిపించే వేరు బొమ్మ అసలే వద్దు, చూసేవాళ్లు దాన్ని డేటా అనుకుంటారు. కణం లోపల జరిగేది చూపాలంటే బొమ్మ గీసినట్టే కనిపించే యానిమేషన్ చేయండి, మూలన "ఊహాచిత్రం" అని ఉంచండి.

మాటల్లోనూ ఇదే జాగ్రత్త. "వేరు నీటిని వెతుక్కుంటూ వెళ్తుంది" అంటే వినడానికి హాయిగా ఉంటుంది, కానీ వేరుకు కోరిక అంటగట్టినట్టు. "వేరుకు ఒక పక్కనున్న కణాలు రెండో పక్కవాటికంటే ఎక్కువ పొడవెక్కుతాయి, అందుకే వంగుతుంది" అంటే అంతే తేలిగ్గా ఉంటుంది, నిజం కూడా. "నీటి అనువర్తనం" అన్న పాఠ్యపుస్తకం మాటను ఒక్కసారి తెర మీద రాస్తే చాలు, బడిలో చదివినవాళ్లకు గుర్తొస్తుంది. హార్మోన్, ప్రోటీన్, జన్యువు అందరూ వాడే మాటలే. వాటికి కొత్త సంస్కృత పదాలు పుట్టించవద్దు. "ఇక కరువును తట్టుకునే పంటలు వచ్చేస్తాయి" అని ముగించాలన్న ఒత్తిడి వస్తుంది. ప్లేటులో, చిన్న మొలకల మీద చూసినది పొలంలో చూసినట్టు కాదు. ఆ హద్దు చెప్పడానికి 8 సెకన్లు పడుతుంది, చెప్పినందువల్ల ఎవరూ చిత్రం ఆపేయరు.

ఇంటర్వ్యూ ల్యాబులో తీయకండి. ఫ్రీజరు, ఫ్యూమ్ హుడ్ రొద ఎడిటింగ్‌లో పోదు, తీసేయబోతే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. శబ్దం కోసం ఫ్రీజరు ఆపడం అసలు కుదరదు: మళ్లీ వేయడం మరిచిపోతే ఏళ్ల నమూనాలు పోతాయి. కర్టెన్లు, పుస్తకాలు ఉన్న గదిలోకి వెళ్లి చప్పట్లు కొట్టి చూడండి, గణగణ మోగకపోతే ఆ గది పనికొస్తుంది. కాలర్ మైకును గడ్డానికి 15 నుంచి 20 సెంటీమీటర్ల కింద పెట్టండి, ఐడీ కార్డు దానికి తగలకుండా తీసేయించండి. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. గొంతు శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి. చివర్లో అందరూ మౌనంగా ఉండి 30 సెకన్ల ఖాళీ గది శబ్దం రికార్డు చేయాలి, కోతల మధ్య అతకడానికి అదే దిక్కు.

మాట్లాడేవాళ్లకు స్క్రిప్టు బట్టీ పట్టించకండి. ఒకే ప్రశ్న మూడుసార్లు అడగండి: మొదట ఇష్టం వచ్చినంత, తర్వాత సగం, చివరిది ఒక్క ఊపిరిలో. సాధారణంగా మూడోదే చిత్రంలోకి వస్తుంది. "మీ ఊహ తప్పని తేలాలంటే ప్లేటులో ఏం కనిపించి ఉండాలి?" అన్న ప్రశ్న తప్పకుండా అడగండి. జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖంలో వచ్చే మార్పు ఏ నేపథ్య సంగీతంతోనూ రాదు.

ల్యాబు షాట్లకు మీ డీఎస్ఎల్ఆర్ చాలు. సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 50వ వంతు సెకను. మీరు తీసే చోట కరెంటు 60 హెర్ట్జ్ అయితే 60వ వంతు. లేకపోతే లైట్లు తెర మీద పట్టీలు పట్టీలుగా కదులుతాయి. తీయబోయే ముందు నేపథ్యాన్ని మూల మూలా చూడండి: మానిటరు మీద అచ్చుకాని డేటా, బోర్డు మీద వేరేవాళ్ల ఆలోచన, కాగితం ముక్క మీద పాస్‌వర్డ్. ఫ్రేములో ఉన్న ప్రతి మనిషికీ కోటు, గ్లవ్స్, కళ్లద్దాలు ఆ పనికి నియమం ప్రకారం ఉండాలి. అందరి దగ్గరా రాతపూర్వక సమ్మతి తీసుకోండి. ఇది చదివే ఇతర ల్యాబులవాళ్లకు: లేజరు నేరుగా తగిలితే కెమెరా సెన్సరు కాలిపోతుంది. బయోసేఫ్టీ క్యాబినెట్ ముందు ట్రైపాడ్ పెడితే గాలి తెర చెదురుతుంది. ఎమ్మారై గదిలోకి మామూలు కెమెరా, ట్రైపాడ్ తీసుకెళ్లడం ప్రాణాపాయం.

క్యాప్షన్లు తప్పనిసరి, ఎందుకంటే చాలామంది శబ్దం లేకుండా చూస్తారు. తెలుగు దగ్గర కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వత్తులను విడగొట్టేస్తాయి. "శాస్త్రజ్ఞుడు", "వ్యవస్థ" అని టైపు చేసి చూడండి, విరిగితే టెక్స్ట్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపులకున్న ఇంజిన్ ఎంచుకోండి. యూనికోడ్ ఫాంటే వాడండి. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి రెండు వరసల మధ్య దూరం అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. తెర మీద ఒకేసారి రెండు వరసలకు మించకూడదు. క్యాప్షన్లుండే ఎస్ఆర్‌టీ ఫైలును యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే పద్ధతిలో) సేవ్ చేయండి. దాన్ని వీడియోకు విడిగా జతచేస్తే తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు, మరో భాషలోకి మార్చుకోవచ్చు.

కోత పూర్తయ్యాక, సంగీతం కలపక ముందు, ఈ రంగంతో సంబంధం లేని 5 మందికి విడివిడిగా చూపండి. "నచ్చిందా?" అని అడిగితే నచ్చిందనే అంటారు. "ఏం కనిపెట్టారో ఒక్క వాక్యంలో చెప్పండి", "అది వాళ్లకు ఎలా తెలిసింది?" అని అడిగి, జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఇద్దరు ఒకే తప్పు చెప్పారంటే ఆ తప్పు మీ చిత్రంలో ఉంది. అది ఏ షాట్ నుంచి వచ్చిందో వెతకండి, మాటలో కంటే బొమ్మలోనే దొరికే అవకాశం ఎక్కువ. గైడ్‌కు రెండుసార్లే చూపండి: స్క్రిప్టు దశలో ఒకసారి, కోత ఖరారయ్యాక ఒకసారి. రెండోసారి శాస్త్రపరమైన తప్పులు మాత్రమే దిద్దుతామని ముందే మాట తీసుకోండి. శబ్దం ఆపేసి బొమ్మను మాత్రమే చూడమని కూడా ఆయన్ను అడగండి. తిప్పిన క్లిప్పు, తప్పు స్కేల్ బార్ అప్పుడే బయటపడతాయి.

విడుదలను పేపరు వచ్చే రోజుకు ముడిపెట్టి, వివరణలో డీఓఐ (పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య), నిధులిచ్చిన సంస్థ పేరు, లైసెన్సు రాయండి. యూట్యూబులో పెట్టిన వీడియోకు బదులు అదే లింకులో కొత్త ఫైలు పెట్టడం కుదరదు. తర్వాత తప్పు దొరికితే వివరణ మొదటి వరసలోనే సవరణ రాయాలి, తప్పు పెద్దదైతే పాతది తీసేసి కొత్త లింకుతో మళ్లీ పెట్టాలి. అసలు టైమ్‌ల్యాప్స్ ఫ్రేములను, తీసిన విరామం, కాంతి, ప్లేటు వివరాలతో సహా, జెనోడో లాంటి భాండాగారంలో దాచి దానికి వచ్చే డీఓఐని కూడా వివరణలో కలపండి. అప్పుడు అనుమానం వచ్చినవాళ్లెవరైనా మీ 11 సెకన్ల వెనకున్న 288 ఫ్రేములనూ తెరిచి చూసుకోగలరు.